సంఘపు కంప్యూటరులో పాత ఫైళ్ల తొలగింపు – సభ్యులు తెలిసికొనవలసిన పాఠము

సహకార సంఘమునకు లెక్కయే ప్రాణము. ధనము తరిగినచో మంచి వానలు గల యేట మరల కూడబెట్టుకొనవచ్చును. లెక్క చెడినచో ఎవరు చెల్లించిరో, ఎవరు బాకీయో తెలుపగల సాక్షి యుండదు. మన తాతల కాలమునుండి ఆ లెక్క బీరువాలోని బౌండు పుస్తకములలో నుండెను. ఇప్పుడది కంప్యూటరులోనికి చేరుచున్నది. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల కంప్యూటరీకరణ పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29వ తేదీన ఆమోదించెను. మొదట 63,000 సంఘములకు 2,516 కోట్ల రూపాయల వ్యయముతో ఆ పథకము నిర్ణయింపబడినది. దేశమందలి సంఘములన్నిటికిని ఒకే తీరు సాఫ్ట్‌వేరు ఉండవలెననుట దాని యుద్దేశము. నాబార్డు దాని అమలును చూచుచున్నది.

ఖాతా లెక్క కేంద్ర సర్వరులో నున్నను, సంఘము గదిలోని కంప్యూటరులో వేఱొక రాశి పెరుగుచుండును. పాసుపుస్తకముల స్కాన్లు, అప్పు దరఖాస్తుల నకళ్లు, ఎరువుల బిల్లులు, ఫోటోలు, నెలసరి నివేదికలు, బ్యాకప్ ప్రతులు దినదినము చేరుచుండును. వీనిని చేతితో ఏరి తీసివేయుటకు తీరిక లేక, వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేరు ద్వారా తొలగించు నేర్పాటు చేసికొనవచ్చునా యని పలువురు అడుగుచున్నారు. వర్క్‌ఫ్లో యనగా ఒక పని తరువాత ఒక పనిని వరుసగా కంప్యూటరే చేసికొనిపోవు నేర్పాటు. చేసికొనవచ్చునని మా యుత్తరము. అయితే ఏవి తొలగవలెనో పాలకవర్గము తీర్మానింపవలెను. కంప్యూటరు ఆ తీర్మానమును నెరవేర్చు కూలి మాత్రమే. ఈ నెల పాఠమున ఆ యేర్పాటు తీరును, దానికి వేయవలసిన కట్టుబాట్లను వివరింతుము.

1. తొలగింపు ఏల?

డిస్కు నిండినచో కంప్యూటరు మందగించును. ఖరీఫు అప్పులు తిరుగవ్రాయు దినములలో, రైతులు వాకిట బారులు తీరియుండగా ప్రింటు రాక నిలిచిపోవును. ఒకే కాగితమునకు నాలుగు స్కాన్లున్నచో వానిలో నిజమైనది యేదో తెలియదు. అన్నిటికంటె ముఖ్యమైన దింకొకటి గలదు. సభ్యుల ఆధార్ నకళ్లు, బ్యాంకు ఖాతా అంకెలు, వ్రేలిముద్రలు గల కాగితములు అవసరము తీరిన పిదపను పడియుండుట మంచిది కాదు. దొంగచేతికి చిక్కినచో సభ్యునికి చేటు. పని తీరిన పిదప వ్యక్తిగత సమాచారమును తుడిచివేయవలెననియు, మరియొక చట్టము నిలుపుమన్నచో నిలుపవలెననియు 2023 సంవత్సరపు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పుచున్నది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. విధులు దశలవారీగా అమలునకు వచ్చునట్లు ఏర్పరుపబడినవి. కావున ఏదియు తీసివేయకుండుటయు తప్పే.

2. పాత కాగితము విలువ

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో వేరుసెనగ నమ్ముకొన్న మన సీమలో పాత అప్పు కాగితము విలువ యెట్టిదో చెప్పనక్కరలేదు. అయినను రెండు నిదర్శనములు చూపుదుము.

2008లో కేంద్ర ప్రభుత్వము వ్యవసాయ రుణమాఫీ ప్రకటించెను. 2007 మార్చి 31 లోపల ఇచ్చిన అప్పు, 2007 డిసెంబరు 31 నాటికి గడువు దాటినదై, 2008 ఫిబ్రవరి 29 వరకు చెల్లింపబడనిదై యుండవలెను. మూడు తేదీలును కాగితముపై కనబడినచో మాఫీ. ఒకటి కనబడనిచో తగవు. ఆ మాఫీ అమలును పరీక్షించి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వారు 2013లో నివేదిక సమర్పించిరి. మాఫీ పొందని 9,334 ఖాతాలను వారు తనిఖీ చేయగా, వానిలో 1,257 ఖాతాలవారు అర్హులై యుండియు జాబితాకు ఎక్కలేదని తేలెను. కొన్నిచోట్ల రికార్డులలో దిద్దుబాట్లును కనబడెను. ఆ రికార్డులు నిలిచియుండుటచేతనే ఈ లోపము బయటపడినదని మనము గమనింపవలెను.

పిదప 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కుటుంబమునకు 1,50,000 రూపాయల వరకు రుణ ఉపశమనము ప్రకటించినపుడు, 2013 డిసెంబరు 31 నాటి అప్పును చూడవలసివచ్చెను. ఆ సొమ్మును ఒక్కమారుగాక వాయిదాలుగా నిచ్చిరి. కావున నేడు పనికిరానిదని తోచు రసీదు ఐదారేండ్లకు రైతునకు ఆధారము కావచ్చును. పంట భీమా ప్రీమియము చెల్లించిన చీటీకిని ఇదే న్యాయము వర్తించును.

3. ఏది కలుపు, ఏది పైరు?

గుంటక తోలునపుడు ఎద్దులు కలుపును పైరును వేఱుపరుపవు. సాలు ఎడమును చూచి గుంటకను అమర్చినవాడే వేఱుపరుచును. తొలగింపు ఏర్పాటును అట్టిదే. ముందుగా ఫైళ్లను తరగతులుగా విభజింపవలెను.

ఇది క్రొత్త విద్య కాదు. మద్రాసు రాజధానిలోని రెవెన్యూ కచేరీలలో టాటెన్‌హాం పద్ధతి యను నొక కట్టుబాటు నడచినది. పని ముగిసిన ప్రతి ఫైలు మీదను ఒక గుర్తు వేసెడివారు. ఆర్.డిస్. అన్నచో శాశ్వతముగా నుంచవలెను, డి.డిస్. పదియేండ్లు, కె.డిస్. మూడేండ్లు, ఎల్.డిస్. ఒక సంవత్సరము. గుమాస్తా తన యిష్టము వచ్చినట్లు కాగితమును చింపుటకు వీలులేదు. ఫైలు ముగించిన దినముననే దాని యాయువు నిర్ణయమై యుండెడిది. ఆ యేండ్ల లెక్క రెవెన్యూ కచేరీలది. మన సంఘములకు ఉపవిధులు, రిజిస్ట్రారు వారి ఉత్తరువులు, ఆడిటరు సలహా ప్రమాణము. పద్ధతిని మాత్రము మనము అనుసరింపవచ్చును. మా సూచన యిది:

మొదటి తరగతి – ఎన్నడును తొలగింపరానివి. సభ్యత్వ రిజిస్టరు, వాటాధనము లెక్క, మహాజనసభ మరియు పాలకవర్గ తీర్మానములు, సంఘపు ఆస్తి పత్రములు, ఆడిటు నివేదికలు.

రెండవ తరగతి – ఖాతా ముగిసిన పిదప నిర్ణీత సంవత్సరములు ఉంచవలసినవి. అప్పు దరఖాస్తులు, ప్రామిసరీ నోట్లు, తనఖా పత్రముల స్కాన్లు, చెల్లింపు రసీదులు, భీమా చీటీలు.

మూడవ తరగతి – ఆడిటు ముగిసి, ఆక్షేపణలు తీరు వరకు ఉంచవలసినవి. ఎరువుల సరకు బిల్లులు, రవాణా చీటీలు, చిల్లర ఖర్చుల వోచర్లు.

నాల్గవ తరగతి – కొలది దినములలో తొలగదగినవి. రెండుమారులు తీసిన స్కాన్లు, ప్రింటు కొరకు చేసిన నకళ్లు, రిజిస్టరులో ఎక్కిన పిమ్మట మిగిలిన ఫోటోలు.

స్వయంచాలకమైన తొలగింపునకు నాల్గవ తరగతిని మాత్రమే అప్పగింపవలెనని మా దృఢాభిప్రాయము. రెండవ, మూడవ తరగతుల విషయమున కంప్యూటరు జాబితా తయారుచేసి ఈయవచ్చును. తొలగింపు మాత్రము తీర్మానము మీద, మనుష్యుని చేత జరుగవలెను. కోర్టులోనో విచారణలోనో తగవు నడచుచున్న ఖాతా ఫైలు, ఏ తరగతిదైనను, తగవు తీరు వరకు కదలింపరాదు.

4. ఏర్పాటు చేయు విధము

పవర్ ఆటోమేట్ వంటి సాధనములలో ఈ పనివరుసను అమర్చవచ్చును. సాధనము పేరు మారినను మెట్లు ఇవియే.

మొదటి మెట్టు, కాలము. నెలకొక్కమారు, సంఘము తెరచియున్న పనిదినమున, పగటివేళ నడుపవలెను. అర్ధరాత్రి నడచినచో తప్పు జరిగినను ఆపువారుండరు. ఆడిటు జరుగు నెలలోను, అప్పులు తిరుగవ్రాయు నెలలోను నిలిపివేయవలెను.

రెండవ మెట్టు, స్థలము. ఏ ఫోల్డరులో తొలగింపు జరుగవలెనో దాని పూర్తి చిరునామా వ్రాయవలెను. ‘తాత్కాలికము’ అను పేరుతో ఒక ప్రత్యేక ఫోల్డరు పెట్టి, నాల్గవ తరగతి ఫైళ్లను అందులోనే వేయుట అలవాటు చేసికొనవలెను. చిరునామా ఖాళీగా నున్నను, ఆ ఫోల్డరు కనబడకున్నను పని అంతటితో ఆగవలెనని షరతు వ్రాయుడు. లోపలి ఫోల్డరులను గూడ చేర్చుమను గుర్తును తీసివేయుడు.

మూడవ మెట్టు, జాబితా. గెట్ ఫైల్స్ ఇన్ ఫోల్డర్ అను అంగముచే ఆ ఫోల్డరులోని ఫైళ్ల పట్టిక తీయవలెను.

నాల్గవ మెట్టు, జల్లెడ. ఫైలు పేరు ‘తాత్కా’ అను అక్షరములతో ఆరంభము కావలెను; మార్పు జరిగిన తేదీ 90 దినములు దాటియుండవలెను; ఫైలు రకము మనము పేర్కొన్నదై యుండవలెను. ఈ మూడును కూడ సరిపోయిననే ఫైలు జల్లెడ దిగవలెను. మూడింటిలో ఏదైనను చాలునని పొరపాటున వ్రాసినచో, సంవత్సరముల నాటి మంచి ఫైళ్లన్నియు దిగిపోవును.

ఐదవ మెట్టు, పరిమితి. మామూలుగా నెలకు ఏబది అరువది ఫైళ్లు తొలగు సంఘమున ఒక దినము వేయి ఫైళ్లు జాబితాకు వచ్చినచో ఏదియో తప్పు జరిగినదని యర్థము. సంఖ్య 200 మించినచో ఏ ఫైలును ముట్టక ఆగి, కార్యదర్శికి తెలుపవలెనని షరతు పెట్టుడు.

ఆరవ మెట్టు, వేచియుండు గది. జల్లెడ దిగిన ఫైళ్లను వెంటనే చెరుపక ‘వేచియున్నవి’ అను వేఱొక ఫోల్డరునకు తరలింపవలెను. అక్కడ ఒక నెల యుండి, ఎవరును అడుగనిచో పిదప తొలగును. ఇచ్చట నొక చిక్కు కలదు. ఫైలును తరలించినంత మాత్రమున దాని మార్పు తేదీ మారదు. కావున వేచియుండు గదిలోను మార్పు తేదీనే చూచి తొలగింపుమన్నచో, తరలించిన మరునాడే ఫైలు పోవును. గది పెట్టియు ఫలము లేకపోవును. ఇందుకు సులభమైన ఉపాయము నెలకొక ఫోల్డరు: 2026-04, 2026-05 అని పేరుపెట్టి, నెల నిండిన ఫోల్డరును దాని పేరును బట్టియే తొలగింపవలెను.

ఏడవ మెట్టు, చిట్టా. ఏ ఫైలు, ఏ తేదీన, ఏ తీర్మానము ననుసరించి పోయెనో పనివరుసయే ఒక పట్టిక వ్రాయవలెను. ఆ పట్టిక ‘తాత్కాలికము’లో నుండరాదు. ప్రతినెల ప్రింటు తీసి, కార్యదర్శియు ఒక సభ్యుడును సంతకము చేసి ఫైలులో కట్టవలెను. నడుమ ఏ మెట్టులోనైన తప్పు దొరలినచో ముందుకు సాగక ఆగవలెనని అమర్చవలెను.

ఇవన్నియు అమర్చిన పిదపను మొదటి రెండు నెలలు ఆరవ మెట్టులోని తరలింపును, తొలగింపును నిలిపియుంచి జాబితా మాత్రమే తీయించుడు. ఆ జాబితాను ఇద్దరు కూర్చుండి ఒక్కొక్కటిగా చూడవలెను. క్రొత్త గొర్రును చేనంతటను తోలుటకు ముందు ఒక సాలు తోలి, గింజ పడు తీరు చూచుకొనుట మనకు అలవాటే గదా.

ఇంకొక కట్టుబాటు. ఈ పనివరుస ఏ యూజరు పేరున నడచునో, ఆ యూజరునకు ‘తాత్కాలికము’, ‘వేచియున్నవి’ అను రెండు ఫోల్డరులమీదను, చిట్టా వ్రాయు చోటునను మాత్రమే హక్కు ఉండవలెను. రికార్డుల ఫోల్డరు మీద హక్కే లేనిచో, షరతు తప్పినను పనివరుస వానిని చెరుపజాలదు. చేనికి కంచె వంటి దిది. డెల్ వంటి ఆజ్ఞలచే తొలగిన ఫైలు విండోసు కంప్యూటరులోని చెత్తబుట్టకు పోదు. మరల తీసికొందమన్న దొరకదు. కావున కంచె ముందే వేయవలెను.

5. తేదీ చేయు మోసము

ఫైలు తేదీ వేఱు, విషయము తేదీ వేఱు. 1998 నాటి తనఖా పత్రమును 2024లో స్కాను చేసినచో ఆ ఫైలు తేదీ 2024. అట్లే 2019లో స్కాను చేసిన అప్పు పత్రము తాలూకు బాకీ 2026లో తీరవచ్చును. ఫైలు ఏడేండ్ల నాటిదని తీసివేసినచో, బాకీ తీరిన యేటనే ఆధారము పోవును. రెండవ తరగతి ఫైళ్ల యాయువును ఖాతా ముగిసిన తేదీనుండియే లెక్కింపవలెను. ఆ తేదీని ఫైలు పేరులోనే వ్రాసికొనుట మంచిది.

ఫైళ్లను పాత కంప్యూటరునుండి క్రొత్తదానికి నకలు చేసినపుడు, సృష్టి తేదీ ఆనాటిదిగా మారును. మార్పు తేదీ నిలుచును. కావున ఏ తేదీని చూచుచున్నామో పనివరుసలో స్పష్టముగా చెప్పవలెను. 05-04 అని వ్రాసినచో ఏప్రిలు 5 అని మనము చదువుదుము. అమెరికా అమరిక గల కంప్యూటరు మే 4 అని చదువును. సంవత్సరము ముందు, నెల తరువాత, దినము చివర వ్రాసినచో ఈ తికమక ఉండదు. కంప్యూటరు గడియారము బ్యాటరీ చెడినచో తేదీ తప్పును. తేదీ ముందునకు జరిగినచో నిన్నటి ఫైలుగూడ పాతదిగా కనబడును. పనివరుస నడుపు దినమున గడియారమును ముందు చూచుకొనవలెను.

6. క్యోటోలో జరిగినది

ఈ జాగ్రత్తలు అతిశయములని తోచువారికి జపాను దేశపు ఉదాహరణ చూపుదుము. క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటరునందు పది దినములు దాటిన లాగు ఫైళ్లను, అనగా కంప్యూటరు తన పనిని గూర్చి వ్రాసికొను చిట్టాలను, తొలగించు ప్రోగ్రామొకటి నడచుచుండెను. ఆ ప్రోగ్రామును సులభముగా చదువుటకు వీలగునట్లు నిపుణులు దిద్దిరి. పాతది నడచుచుండగనే క్రొత్తదానిని దాని స్థానమున ఉంచిరి. నడుమ నుండి క్రొత్త పంక్తులను చదువగా, స్థలమును తెలుపు పేరునకు విలువ లేకపోయెను. స్థలము ఖాళీయైనందున చిట్టాలకు బదులు శాస్త్రజ్ఞుల ఫైళ్లే తొలగెను. 2021 డిసెంబరు 14 నుండి 16 వరకు సుమారు 77 టెరాబైట్ల సమాచారము, సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు పోయెను. 14 పరిశోధక బృందములకు నష్టము కలిగెను; వానిలో నాలుగు బృందముల ఫైళ్లు బ్యాకప్ నుండియు తిరిగి రాలేదు.

ప్రపంచమున పేరుగన్న విద్యాలయమున, నిపుణుల చేతిలోనే ఇది జరిగినది. అందుచేతనే చిరునామా ఖాళీయైనచో ఆగవలెననియు, సంఖ్య మించినచో ఆగవలెననియు పైన చెప్పితిమి. నడచుచున్న పనివరుసను దిద్దరాదు. నిలిపి, దిద్ది, మరల జాబితా మాత్రమే తీసి చూచి, పిదప నడుపవలెను.

7. బ్యాకప్ ప్రతుల సంగతి

బ్యాకప్ ప్రతులు పెద్దవి. డిస్కును త్వరగా నింపునవి అవియే. ముప్పది దినములు దాటిన ప్రతులను తీసివేయుమని పలువురు అమర్తురు. ఇందు నొక గోతి కలదు. ఏదో కారణముచే నెల దినములుగా క్రొత్త ప్రతులు తయారు కాకుండెననుకొందము. తొలగింపు మాత్రము నియమముగా నడచుచు పాతవానిని ఒక్కొక్కటిగా మ్రింగును. తుదకు ఒక్క ప్రతియు మిగులదు. కావున దినములను బట్టి మాత్రమేగాక, మంచివని తెరచి చూచిన కడపటి ఏడు ప్రతులు ఎప్పుడును నిలువవలెనని షరతు పెట్టవలెను. క్రొత్త కాయ ఇల్లు చేరక మునుపు విత్తనపు కాయ అమ్ముకొను రైతు మన సీమలో ఎవడును లేడు.

గిట్‌ల్యాబ్ అను సంస్థలో 2017 జనవరి 31న ఒక ఉద్యోగి పొరపాటున అసలు సర్వరులోని సమాచారమును చెరిపెను. బ్యాకప్ ఏర్పాట్లు పెక్కులున్నను అవసరమునకు సరిగా పనిచేయలేదు. అదృష్టవశమున ఆరుగంటల ముందటి ప్రతి యొకటి దొరకినందున ఆ మాత్రమైన బయటపడిరి. ప్రతి ఉన్నదని నమ్మియుండుట చాలదు; మూడునెలల కొకమారు తెరచి చూడవలెను.

మూడు ప్రతులు, రెండు విధముల సాధనములపై, అందొకటి సంఘము గదికి వెలుపల – ఇది లోకమంతట అనుసరించు సూత్రము. 2024 జూలై 21వ తేదీ రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కచేరీలో అగ్నిప్రమాదము జరిగి రికార్డులు కాలిపోయిన సంగతి సభ్యులెఱుగుదురు. ఒకే గదిలో నున్న పది ప్రతులును అగ్నికి ఒక్కటే. క్లౌడుతో సింకు చేసియున్న ఫోల్డరును ప్రతిగా లెక్కింపరాదు. ఇక్కడ తొలగినది అక్కడను తొలగును.

8. సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు

రాబోవు మహాజనసభలో ప్రతి సంఘమునందును ఈ ప్రశ్నలను అడుగుడు.

(1) మన సంఘపు కంప్యూటరులో స్వయముగా తొలగించు ఏర్పాటు ఏదైనను కలదా? ఎవరు అమర్చిరి? ఏ తీర్మానము మీద?
(2) ఏ తరగతి ఫైళ్లు తొలగుచున్నవి? ఏ తేదీనుండి లెక్కించుచున్నారు?
(3) తొలగిన ఫైలు ఎన్ని దినములు వేచియుండును? ఆ లోపల సభ్యుడు ఎవరిని అడుగవలెను?
(4) తొలగింపు చిట్టాను సభ్యులు చూడవచ్చునా?
(5) బ్యాకప్ ప్రతిని కడపట ఏనాడు తెరచి చూచిరి? గదికి వెలుపల నున్న ప్రతి ఎవరి యధీనమున నున్నది?

ఇవి కార్యదర్శిపై అనుమానముతో అడుగు ప్రశ్నలు కావు. సరిగా నడచు సంఘమున కార్యదర్శి వీనికి సంతోషముతో ఉత్తరము చెప్పును. తీర్మానము అండగా నున్నచో రేపు ఒక ఫైలు కనబడనపుడు ఆయనకును రక్షణ.

తుదకు, సభ్యుని విధి సభ్యునకును కలదు. అప్పు చెల్లించిన రసీదును, బాకీ లేదను పత్రమును, భీమా చీటీని ఒక సంచిలో వేసి ఇంట భద్రపరచుకొనుడు. సన్నని కాగితముపై మెషీను అచ్చువేయు రసీదు ఎండకు, వేడికి కొలది కాలములోనే వెలసిపోవును. వచ్చిన దినముననే దానికి నకలు తీయించి, అసలుతో చేర్చి ఉంచుడు. చదువు రానివారు ఇంటిలోని పిల్లలచేత తేదీని, మొత్తమును చదివించుకొని, తప్పున్నచో ఆనాడే సంఘములో దిద్దించుకొనవలెను.